ఆరోగ్యాధికారి ఎవరి మనిషి?

1847 జనవరి 1న లివర్‌పూల్ నగర కౌన్సిల్ ఒక డాక్టరును కొలువులో పెట్టుకుంది. ఊళ్లో జబ్బులు ఎక్కడి నుంచి పుడుతున్నాయో కనిపెట్టి కౌన్సిల్‌కు చెప్పడం ఆయన పని. పేరు విలియం హెన్రీ డంకన్, వయసు నలభై ఒకటి. బ్రిటన్‌లో ఒక నగరం నియమించుకున్న మొట్టమొదటి ఆరోగ్యాధికారి ఆయనే. జీతం ఏడాదికి 300 పౌండ్లు. అది చాలదు కనుక సొంత ప్రాక్టీసు కూడా చేసుకోవచ్చన్నారు. ఈ ఏర్పాటు లండన్‌లోని హోంమంత్రికి నచ్చలేదు. డబ్బున్న రోగుల ఇళ్లకు వైద్యానికి వెళ్లే మనిషి, రేపు వాళ్లకే చెందిన అద్దె కొంపల మీద ఫిర్యాదు ఎలా రాస్తాడు? మరుసటి ఏడాది జీతం 750 పౌండ్లు చేసి, పూర్తికాలం ఉద్యోగమన్నారు. డంకన్ ప్రాక్టీసు మానుకున్నాడు.

ఆరోగ్యాన్ని కాపాడే డాక్టరు ఎవరి దగ్గర జీతం తీసుకోవాలి, ఎవరికి జవాబు చెప్పాలి అన్న ప్రశ్న ఆ మొదటి నియామకంతోనే మొదలైంది. ఇంగ్లండ్ దానికి ఇప్పటికి నాలుగైదు జవాబులు చెప్పింది. ఏదీ స్థిరపడలేదు.

అప్పటి లివర్‌పూల్ అమెరికా పత్తి దిగే రేవు. సంపద రేవులోంచి పారుతుంటే, దాన్ని మోసే కూలీలు నేలమాళిగల్లో బతికేవారు. 1840 ప్రాంతంలో దాదాపు ఎనిమిది వేల నేలమాళిగల్లో నలభై వేల మంది కాపురం ఉండేవారని అంచనా. రెండు వరసల ఇళ్లు ఎదురెదురుగా, మధ్యలో ఇరుకైన చీకటి సందు, ఆ సందు కొసన అందరికీ కలిపి ఒకటో రెండో మరుగుదొడ్లు: 'కోర్టులు' అని పిలిచే ఇలాంటి వాడల్లో అంతకు రెట్టింపు జనం ఉండేవారు. పేదల ధర్మవైద్యశాలలో పనిచేసిన డంకన్ ఆ మెట్లు దిగి రోగులను చూసినవాడు. కింద పడుకున్న మనిషికి పైనుంచి మందు అందించి లాభం లేదని ఆయనకు అర్థమైంది. 1843లో నగరంలోని చావులకు భౌతిక కారణాలేమిటో ఒక చిన్న పుస్తకంగా అచ్చువేశాడు. అంతకు ముందు ఏడాది ఎడ్విన్ చాడ్విక్ పార్లమెంటుకు సమర్పించిన నివేదికలో లివర్‌పూల్ లెక్క ఉంది: చనిపోయేనాటికి సగటు వయసు పెద్ద కుటుంబాల్లో 35, వర్తకుల్లో 22, కూలీల్లో 15. పసిబిడ్డల చావులన్నీ కలిసిన సగటు కాబట్టి పదిహేనేళ్లకే కూలీలంతా పోయేవారని దీనర్థం కాదు. అయినా మూడు అంకెల మధ్య ఉన్న అంతరాన్ని ఏ వివరణా తగ్గించలేదు.

1846లో లివర్‌పూల్ తనకోసం ప్రత్యేకంగా ఒక పారిశుద్ధ్య చట్టం తెచ్చుకుంది. దాని కింద కౌన్సిల్ ముగ్గురిని పెట్టుకుంది. డాక్టరు డంకన్, నగర ఇంజనీరు జేమ్స్ న్యూలాండ్స్, వాడల్లో చెత్తా మురుగూ తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు థామస్ ఫ్రెష్. చరిత్ర పుస్తకాలు డంకన్ పేరు ఎక్కువగా తలుస్తాయి కానీ, నాకు న్యూలాండ్సే గట్టివాడనిపిస్తాడు. ఆయన ముందు ఊరంతా కొలిపించి పటం గీయించాడు. ఏ వీధి ఎంత ఎత్తులో ఉందో తెలియకుండా మురుగు ఎటు పారుతుందో ఎవరు చెప్పగలరు? ఆ తర్వాత అడుగున సన్నగా, పైన వెడల్పుగా, కోడిగుడ్డు ఆకారంలో కాలువలు కట్టించాడు. నీళ్లు తక్కువగా ఉన్న రోజు కూడా సన్నటి అడుగులో వేగంగా పారి మడ్డిని ఈడ్చుకుపోవాలని ఆ ఆకారం. 1848 నుంచి పదేళ్లలో ఎనభై మైళ్లకు మించి కొత్త కాలువలు పడ్డాయి. క్రిమియా యుద్ధంలో సైనికుల ఆసుపత్రుల్లో పారిశుద్ధ్యం చక్కదిద్దడానికి 1855లో ప్రభుత్వం పంపిన బృందంలో ఈయనా ఉన్నాడు.

కానీ ఉద్యోగంలో చేరిన ఏడాదే ముగ్గురి మీదా పిడుగు పడింది. ఐర్లండ్‌లో బంగాళాదుంప పంట కుళ్లి, కరువు ముదిరి, 1847లోనే మూడు లక్షల మంది లివర్‌పూల్ రేవులో దిగారు. చాలామంది అమెరికా ఓడలెక్కి వెళ్లిపోయారు. టికెట్టుకు డబ్బు లేనివాళ్లు ఊళ్లోనే నేలమాళిగల్లోకి చేరారు. టైఫస్ జ్వరం పట్టుకుంది. రోగుల దగ్గరికి వెళ్లిన కాథలిక్ గురువులే పదిమంది చనిపోయారు. కౌన్సిల్ జ్వరం షెడ్లు వేసింది, నదిలో ఓడలను ఆసుపత్రులుగా మార్చింది. నివాసానికి పనికిరాని నేలమాళిగలను చట్టప్రకారం ఖాళీ చేయించింది. ఖాళీ చేసినవాళ్లు పక్క వాడలో మరింత ఇరుకుగా చేరారు. ఇళ్లు కట్టే అధికారం లేకుండా ఇళ్లు మూయించే అధికారం మాత్రమే ఉంటే ఏమవుతుందో డంకన్ కళ్లారా చూశాడు.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. డంకన్ నమ్మిన సిద్ధాంతం తప్పు. కుళ్లిన పదార్థాల నుంచి లేచే చెడుగాలి వల్ల జబ్బులు వస్తాయని ఆయనా, ఆనాటి పెద్ద డాక్టర్లలో చాలామందీ నమ్మేవారు. చెడుగాలిని పోగొట్టడానికి తీసిన కాలువలు అసలు దోషి అయిన మురికినీటిని తీసుకుపోయాయి. 1849లో కలరాకు లివర్‌పూల్‌లో ఐదు వేల మందికి పైగా బలయ్యారు. 1866లో కలరా మళ్లీ వచ్చినప్పుడు మృతుల సంఖ్య అందులో సగం కూడా లేదు. అప్పటికి డంకన్ పోయి మూడేళ్లయింది.

లివర్‌పూల్ చేసింది దేశమంతా చేయాలని 1848లో పార్లమెంటు ప్రజారోగ్య చట్టం తెచ్చింది. వెయ్యి జనాభాకు ఏటా 23 కంటే ఎక్కువ చావులున్న ఊళ్లో ప్రభుత్వమే స్థానిక ఆరోగ్య బోర్డు పెట్టించవచ్చు. మిగతా ఊళ్లలో పన్నుదారుల్లో పదో వంతు అడిగితే పెట్టవచ్చు. ఆరోగ్యాధికారి నియామకం మాత్రం బోర్డు ఇష్టం. ఇష్టం అన్నప్పుడు ఏమవుతుందో మనకూ తెలుసు. కాలువలకు డబ్బు పెట్టాలంటే ఇంటిపన్ను పెంచాలి. పన్ను కట్టేవాళ్లే ఓటర్లు, అద్దె కొంపల యజమానులే చాలాచోట్ల కౌన్సిలర్లు. ఈ వాడ మనుషులు ఉండడానికి పనికిరాదని నివేదిక రాస్తే, ఆ వాడ సొంతదారు మర్నాటి సమావేశంలో ఎదురుగా కూర్చుని ఉంటాడు. ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగంలో ఉన్న డాక్టరు ఎంత ధైర్యంగా రాయగలడు?

1872 చట్టం ఆరోగ్యాధికారి నియామకాన్ని అన్నిచోట్లా తప్పనిసరి చేసింది. 1875 చట్టం అంతకు ముందున్న చెల్లాచెదురు నిబంధనలన్నిటినీ ఒకచోట చేర్చింది. అధికారి జీతంలో సగం లండన్ ప్రభుత్వం ఇచ్చే వీలు కలిగింది, కానీ ఆ సగం తీసుకున్న కౌన్సిల్ ఆయన్ను సొంతంగా తొలగించడానికి వీల్లేదు. సగం జీతం మిగులుతుందని తెలిసీ కొన్ని కౌన్సిళ్లు వద్దనుకున్నాయి. అధికారి తమ చెప్పుచేతల్లో ఉండటానికి అవి కట్టిన ధర అది.

ఇక ఊళ్లోని ప్రైవేటు డాక్టర్లు. ఏ ఇంట్లో స్కార్లెట్ జ్వరమో డిఫ్తీరియానో ఉందో వాళ్లకే ముందు తెలుస్తుంది. ఆ సమాచారం కౌన్సిల్‌కు ఇవ్వడం రోగి నమ్మకాన్ని వమ్ముచేయడమేనని వాళ్లు చాలాకాలం వాదించారు. 1889 చట్టం ఈ వాదానికి వెల కట్టింది. సొంత రోగుల్లో అంటువ్యాధి కనిపించి తెలియజేస్తే సర్టిఫికెట్టుకు రెండున్నర షిల్లింగులు. పదేళ్లకు అది దేశమంతటా తప్పనిసరయింది. నైతిక అభ్యంతరం చాలామటుకు సద్దుమణిగింది. వైద్యులకూ కౌన్సిళ్లకూ మధ్య తొలి అధికారిక బంధం ఈ రెండున్నర షిల్లింగుల రసీదేనంటే అతిశయోక్తి కాదు.

ఈ కథలో నాకు ఇష్టమైన ఘట్టం యార్క్‌షైర్‌లోని ఉన్నిమిల్లుల పట్నం హడర్స్‌ఫీల్డ్‌లో జరిగింది. 1904లో మేయరైన బెంజమిన్ బ్రాడ్‌బెంట్, తన వార్డు లాంగ్‌వుడ్‌లో తన పదవీకాలంలో పుట్టిన ప్రతి బిడ్డకూ ఒక పౌండు హామీపత్రం రాసిచ్చాడు. బిడ్డ మొదటి పుట్టినరోజు చూస్తేనే డబ్బు వస్తుంది. పత్రంతో పాటు బిడ్డను ఎలా పెంచాలో చెప్పే సూచనలు ఇచ్చేవారు, ఇంటికి మనుషులు వచ్చి చూసి వెళ్లేవారు. పౌండు సంగతి పత్రికలకెక్కింది కానీ అసలు పని చేసింది ఆ ఇంటి రాకపోకలు. అందుకు ఒక అడ్డంకి ఉండేది. జననం నమోదు చేయించడానికి తల్లిదండ్రులకు ఆరు వారాల గడువుంది, ఆరోగ్యాధికారికి కబురు తెలిసేలోపే ఎన్నో పసికందులు పోయేవి. ఆరోగ్యాధికారి శాంసన్ మూర్, బ్రాడ్‌బెంట్ కలిసి 1906లో తమ ఊరికోసం ఒక చట్టం చేయించారు. పుట్టిన 48 గంటల్లో ఆరోగ్యాధికారికి తెలపాలి, తెలిపినవారికి ఒక షిల్లింగు. కబురందగానే కౌన్సిల్ నియమించిన మహిళా డాక్టరు ఆ ఇంటి తలుపు తట్టేది. ఆ తర్వాత పట్నంలోని స్త్రీలు స్వచ్ఛందంగా వెళ్లి కనిపెట్టుకుని ఉండేవారు. మరుసటి ఏడాదే పార్లమెంటు ఈ పద్ధతిని కోరుకున్న ఊళ్లన్నిటికీ అందుబాటులోకి తెచ్చింది, 1915లో అందరికీ తప్పనిసరి చేసింది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1899లో వెయ్యి మంది పసిబిడ్డలకు 163 మంది ఏడాది లోపే చనిపోయేవారు. 1948 నాటికి ఆ సంఖ్య 34. ఇందులో జీతాల పెరుగుదలకు, మంచి పాలకు, చిన్న కుటుంబాలకు ఎంత వాటా ఉందో, ఇలా ఇంటింటికీ వెళ్లి చూసే హెల్త్ విజిటర్లకు ఎంత ఉందో చరిత్రకారులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. హెల్త్ విజిటర్ల వాటా సున్నా అన్నవాళ్లు మాత్రం తక్కువ.

1929 చట్టంతో బీదల చట్టం కింద నడిచిన ఆసుపత్రులు కౌంటీ కౌన్సిళ్ల చేతికి, పెద్ద నగరాల చేతికి వచ్చాయి. లండన్ కౌంటీ కౌన్సిల్ ఒక్కటే డెబ్బైకి పైగా ఆసుపత్రులు నడిపింది. ఆరోగ్యాధికారికి ఇది పెద్ద గౌరవం, అదే చిక్కు కూడా. పడకలు, నర్సులు, ఆపరేషన్ గదులు చూసుకోవడంలో ఆయన మునిగిపోయాడు. కెనడాలో 1920లలోనే పిల్లలకు డిఫ్తీరియా టీకాలు వేస్తుంటే, ఇంగ్లండ్‌లో ఏటా మూడు వేల మంది దాకా పిల్లలు ఆ జబ్బుతో పోతున్నా, దేశవ్యాప్త ప్రచారం 1940 దాకా మొదలుకాలేదు. కౌన్సిళ్ల కాలాన్ని స్వర్ణయుగమని పొగిడేవాళ్లు ఈ లెక్క మరిచిపోతారు.

అయితే 1930ల్లోనే లండన్‌లోని ఫిన్స్‌బరీ అనే పేద బరోలో కౌన్సిల్ ఏం చేయగలదో చూపించిన మనిషి ఒక భారతీయుడు. పంజాబ్ నుంచి వచ్చిన డాక్టర్ చునీలాల్ కటియాల్. 1931లో గాంధీజీ, చార్లీ చాప్లిన్ కలుసుకున్నది ఈయన ఇంట్లోనే. 1934లో ఫిన్స్‌బరీ కౌన్సిలరై, ప్రజారోగ్య కమిటీ అధ్యక్షుడిగా, బరో అంతటా చెదిరి ఉన్న ఆరోగ్య సేవలన్నిటినీ ఒకే కప్పు కిందికి తేవాలనుకున్నాడు. వాస్తుశిల్పి బెర్తోల్డ్ లుబెట్కిన్ బృందం కట్టిన ఫిన్స్‌బరీ హెల్త్ సెంటర్ 1938లో తెరుచుకుంది. రెండు చేతులు చాచి పిలుస్తున్నట్టుండే రెక్కలు, మధ్యలో గాజు ఇటుకల గోడలోంచి వెలుతురు నిండిన హాలు. క్షయ క్లినిక్కు, పళ్ల డాక్టరు, పాదాల చికిత్స, స్త్రీల క్లినిక్కు, పరుపులూ బట్టలూ క్రిమిరహితం చేసే విభాగం, శవాలగది. నల్లులు పట్టిన ఇంటికి కౌన్సిల్ మనుషులు మందు కొడుతున్నంతసేపూ ఆ కుటుంబం తలదాచుకోవడానికి అదే భవనంలో గదులు. ఇల్లు శుభ్రం చేసేవాడూ ఊపిరితిత్తులు చూసేవాడూ ఒకే గుమ్మంలోంచి వచ్చిపోయే చోటు అది. 1943లో చిత్రకారుడు ఆబ్రం గేమ్స్ యుద్ధం తర్వాతి బ్రిటన్ ఎలా ఉండాలో చూపే పోస్టరులో ఈ భవనాన్నే గీశాడు. వెనక శిథిలాల్లో రికెట్స్ సోకిన పిల్లవాడున్నాడని చర్చిల్‌కు కోపం వచ్చి పంపిణీ ఆపించాడు.

ఇంచుమించు అదే సమయంలో ఇంగ్లండ్ చట్టాల నమూనా మన వైపు కూడా ఒక రూపం తీసుకుంది. 1919 సంస్కరణలతో మద్రాసు ప్రెసిడెన్సీలో ఆరోగ్యం, స్థానిక స్వపరిపాలన ఎన్నికైన మంత్రుల చేతికి వచ్చాయి. స్థానిక స్వపరిపాలనకు మొదటి మంత్రి తెలుగువాడు, పానగల్ రాజాగా ప్రసిద్ధుడైన పానుగంటి రామారాయణింగారు. 1939లో వచ్చిన మద్రాసు ప్రజారోగ్య చట్టం దేశంలో ఈ తరహాలో తొలి సమగ్ర చట్టం. పురపాలక సంఘం తన సొంత ఆదాయంలో 30 శాతానికి తగ్గకుండా ప్రజారోగ్యానికి, అందులో భాగంగా తాగునీటికీ మురుగుకూ కేటాయించాలన్నది అందులో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచే నిబంధన. పని పురపాలక సంఘానిది, హెల్త్ ఆఫీసరు మాత్రం ప్రభుత్వ ఆరోగ్య శాఖ మనిషి. కౌన్సిలర్ల దయమీద బతికిన ఇంగ్లండ్ అధికారుల అనుభవం ఈ ఏర్పాటు వెనక ఉందనుకుంటాను. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఈ చట్టం కూడా మన జిల్లాలతో పాటే వచ్చింది. 'ఆంధ్ర ప్రాంత' ప్రజారోగ్య చట్టంగా పుస్తకాల్లో నిలిచింది. ఎన్ని పురపాలక సంఘాలు ఆ 30 శాతాన్ని అక్షరాలా పాటించాయన్నది వేరే వ్యాసం.

మళ్లీ లండన్‌కు. యుద్ధం ముగిశాక ఆరోగ్య మంత్రి అనైరిన్ బెవన్ అన్ని ఆసుపత్రులనూ జాతీయం చేస్తానన్నాడు. క్యాబినెట్‌లో ఎదురుతిరిగింది సొంత పార్టీవాడే. లండన్ కౌంటీ కౌన్సిల్‌ను ఏళ్లపాటు నడిపిన హెర్బర్ట్ మోరిసన్, ఆసుపత్రులు కౌన్సిళ్ల దగ్గరే ఉండాలన్నాడు. బెవన్ వాదనలో బలముంది. పేద ఊరి కౌన్సిల్ పేద ఆసుపత్రే నడపగలదు, పైగా పెద్ద డాక్టర్లు కౌన్సిళ్ల కింద పనిచేయడానికి ససేమిరా అన్నారు. బెవన్ గెలిచాడు. 1948 జులై 5న నేషనల్ హెల్త్ సర్వీస్ (ఎన్‌హెచ్‌ఎస్) మొదలైంది, మూడు ముక్కలుగా. ఆసుపత్రులు ప్రాంతీయ బోర్డులకు, ఊరి డాక్టర్లు వేరే మండళ్లకు, తల్లీబిడ్డల సంరక్షణ, టీకాలు, హెల్త్ విజిటర్లు, అంబులెన్సులు కౌన్సిళ్లకు. ఫిన్స్‌బరీ బరోకు అదీ మిగల్లేదు. తను కట్టుకున్న హెల్త్ సెంటర్ లండన్ కౌంటీ కౌన్సిల్ ఏలుబడిలోకి పోయింది. ఊరూరా అలాంటి సెంటర్లు కట్టాలని చట్టంలో ఉన్నా, డబ్బు లేక తర్వాతి పదిహేనేళ్లలో లేచినవి అతి కొద్ది.

కౌన్సిళ్ల చేతిలో మిగిలిన అధికారం చిన్నదేమీ కాదని 1952 డిసెంబరు నిరూపించింది. లండన్‌ను ఐదు రోజులు కమ్మేసిన పొగమంచుకు నాలుగు వేల మంది చనిపోయారని అప్పటి అంచనా. ఆసుపత్రులు చేయగలిగింది పడకలు వెతకడమే. 1956 చట్టం పొగలేని ప్రాంతాలను ప్రకటించే అధికారం కౌన్సిళ్లకిచ్చాకే ఇళ్ల పొగగొట్టాలు శుభ్రపడ్డాయి.

1974 ఏప్రిల్ 1న డంకన్ కుర్చీనే తీసేశారు. ముక్కలను ఏకం చేయాలన్న సదుద్దేశంతో ఆరోగ్య సేవలన్నీ ఎన్‌హెచ్‌ఎస్‌లోకి చేర్చారు. డాక్టర్లు అటు వెళ్లారు, ఆహార తనిఖీలు చేసే ఇన్‌స్పెక్టర్లు ఇటు కౌన్సిల్లోనే ఉండిపోయారు, నీళ్లూ మురుగూ అదే రోజు కొత్త ప్రాంతీయ జల సంస్థలకు పోయాయి. లివర్‌పూల్‌లో అంతకు 127 ఏళ్ల క్రితం కలిసి నియమితులైన డాక్టరు, ఇంజనీరు, ఇన్‌స్పెక్టరు మూడు వేర్వేరు సంస్థల ఉద్యోగులయ్యారు.

దీని ఫలితం పదేళ్లకు బయటపడింది. 1984 ఆగస్టులో వేక్‌ఫీల్డ్‌లోని స్టాన్లీ రాయిడ్ ఆసుపత్రిలో సాల్మనెల్లా కలిసిన తిండి తిని 19 మంది రోగులు చనిపోయారు. మరుసటి ఏడాది స్టాఫర్డ్ ఆసుపత్రిలో లీజనేర్స్ వ్యాధి ప్రబలింది. అంటువ్యాధి వస్తే ఎవరు ముందుకు రావాలో స్పష్టత లేదని విచారణల్లో తేలింది. 1988లో ప్రధాన వైద్యాధికారి డొనాల్డ్ అచెసన్ కమిటీ, ప్రతి జిల్లాకూ ఒక ప్రజారోగ్య డైరెక్టరు ఉండాలని, ఏటా నివేదిక రాయాలని చెప్పింది. పేరు మార్చుకుని పాత అధికారే తిరిగొచ్చాడు, కౌన్సిల్ బయట మాత్రం. ఆ తర్వాత ఎన్‌హెచ్‌ఎస్‌కూ కౌన్సిళ్లకూ మధ్య గోడకు కిటికీలు పెట్టే పని నడిచింది. 1999 ఆరోగ్య చట్టంతో ఎన్‌హెచ్‌ఎస్, కౌన్సిళ్లు తమ బడ్జెట్లను ఒకే ఖాతాలో కలిపి ఖర్చుపెట్టే వీలు వచ్చింది.

2013 ఏప్రిల్ 1న డైరెక్టర్లను తిరిగి కౌన్సిళ్లకు పంపారు. 39 ఏళ్ల ప్రవాసం. వాళ్లతో పాటు రెండున్నర వందల కోట్ల పౌండ్లకు పైబడిన గ్రాంటు వచ్చింది, దాన్ని ప్రజారోగ్యానికే వాడాలన్న షరతుతో. కౌన్సిలర్లు, ఎన్‌హెచ్‌ఎస్ ప్రతినిధులు కలిసి కూర్చునే ఆరోగ్య, సంక్షేమ బోర్డులూ ఏర్పడ్డాయి. సిగరెట్ మాన్పించే కేంద్రాలు, లైంగిక ఆరోగ్య క్లినిక్కులు, 2015లో హెల్త్ విజిటర్లు కూడా, ఇళ్లు, పార్కులు, లైసెన్సులు చూసే కార్యాలయం కిందికి వచ్చాయి. సూత్రప్రకారం ఇది సరైన చోటే. కానీ రెండేళ్లకే, 2015లో, ప్రభుత్వం ఏడాది మధ్యలో గ్రాంటులోంచి 20 కోట్ల పౌండ్లు కోసింది. ఆసుపత్రుల బడ్జెట్‌ను కాపాడతామని మాటిచ్చిన ప్రభుత్వానికి కౌన్సిల్ పద్దులో ఉన్న ఆరోగ్యం ఆసుపత్రిలా కనిపించలేదు. తర్వాతి ఆరేడేళ్లలో గ్రాంటు తలసరి నిజవిలువలో నాలుగో వంతు దాకా తరిగిపోయింది.

2020 కొవిడ్ కాలంలో పరీక్షలను, కాంటాక్టుల వెతుకులాటను లండన్ నుంచే నడిపారు. లెస్టర్‌లో జూన్‌లో కేసులు పెరుగుతున్నా, ఏ వీధుల్లో ఉన్నాయో చెప్పే వివరాలు స్థానిక అధికారులకు ఆలస్యంగా అందాయి. నెలాఖరుకు ఆ నగరంపై ప్రత్యేక లాక్‌డౌన్ పడింది. ఆగస్టులో బ్లాక్‌బర్న్ విత్ డార్వెన్ కౌన్సిల్ సొంత ఏర్పాటు మొదలుపెట్టింది. జాతీయ కాల్ సెంటర్ 48 గంటల్లో పట్టుకోలేకపోయిన వాళ్లకు స్థానిక నంబరు నుంచి ఫోను చేయడం, ఎత్తకపోతే కౌన్సిల్ మనిషి స్వయంగా ఇంటికి వెళ్లి తలుపు కొట్టడం. వారాల్లోనే మిగతా కౌన్సిళ్లు కూడా అదే దారి పట్టాయి. రెండేళ్లకు 2022 చట్టం ఇంగ్లండ్‌ను 42 ప్రాంతాలుగా చేసి, ఎన్‌హెచ్‌ఎస్ డబ్బు పంచే బోర్డులు పెట్టింది. ప్రతి బోర్డులోనూ స్థానిక కౌన్సిళ్ల తరఫున కనీసం ఒక సభ్యుడు ఉండాలని నిబంధన.